రేవల్చిన్ని వేరులో ఏముంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో సునాముఖి ఆకు గురించి రాస్తూ, అందులో పనిచేసే పదార్థాలే రేవల్చిన్ని వేరులోనూ ఉన్నాయని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. సునాముఖి మీద వచ్చిన ఉత్తరాలకంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువ. చాలాకాలం ఫార్మసీ విద్యార్థులకు మూలికల పాఠం చెప్పినవాడిని కనుక ఈ వేరు మీద నాకు కొంత మమకారం ఉంది; అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పొడవైన ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: మా నాయనమ్మ రాసుకున్న పాత నోటుపుస్తకంలో, పిల్లలకు కడుపు శుభ్రం కావడానికి ‘రేవల్చిన్ని వేరు అరగదీసి పట్టవలెను’ అని ఉంది. ఇది ఏ మొక్క? మన వైపు పెరుగుతుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పెరగదు. ఇది మంచు పడే చోట, చలికాలమంతా నేలలో నిద్రపోయి వసంతంలో చిగురించే మొక్క. పేరు కూడా మనది కాదు. పారశీకంలో ఈ మొక్కను రేవంద్ అంటారు, చైనా నుంచి వచ్చేది కనుక రేవంద్ చీనీ అయింది, అదే మన నోట నలిగి రేవల్చిన్నిగా స్థిరపడింది. ఇంగ్లీషువారు రుబార్బ్ అనేది దీన్నే. వృక్షశాస్త్రంలో దీని ప్రజాతి పేరు రీయమ్. మొక్క మనకు పరాయిదైనా దాని చుట్టం మాత్రం మన పెరట్లోనే ఉంది: మనం పప్పులో వేసుకునే చుక్కకూరదీ రేవల్చిన్నిదీ ఒకే కుటుంబం. ఆ పులుపు పోలిక కాకతాళీయం కాదు. దాని సంగతి కింద మరో జవాబులో చెబుతాను.

చైనా ఔషధకోశం మందుకు పనికివచ్చేవిగా మూడు జాతులను గుర్తిస్తుంది: రీయమ్ పామేటమ్, రీయమ్ టాంగుటికమ్, రీయమ్ అఫిసినాలె. చైనీయులు ఈ వేరును దా హువాంగ్ అంటారు, ‘పెద్ద పచ్చన’ అని అర్థం. ఎదురున్నదాన్ని ఊడ్చేస్తుందని దానికి ‘సేనాపతి’ అనే ముద్దుపేరు కూడా ఉంది. మన దేశంలో కశ్మీరు నుంచి సిక్కిం వరకు, ఇంచుమించు మూడు నాలుగు వేల మీటర్ల ఎత్తులో పెరిగేది రీయమ్ ఆస్ట్రేల్ అనే మరో జాతి. దాని పాత పేరు రీయమ్ ఇమోడీ. ప్రాచీన గ్రీకులు హిమాలయాలను ఇమోడస్ అని పిలిచేవారు, ఆ మాట నుంచి ఈ మొక్క పేరు, మొక్క పేరు నుంచి అందులోని ‘ఇమోడిన్’ అనే పదార్థం పేరు పుట్టాయి. ఈనాడు ప్రపంచంలోని ఏ ప్రయోగశాలలో ఇమోడిన్ సీసా మూత తీసినా, ఆ సీసా మీద హిమాలయాల పేరే ఉంటుందన్నమాట.

ఒకప్పుడు ఐరోపా మందుల దుకాణాల్లో ఈ వేరుకు ఉన్న గిరాకీని ఇప్పుడు ఊహించడం కష్టం. ఒకే చైనా వేరు, వచ్చిన దారిని బట్టి టర్కీ రుబార్బ్, రష్యా రుబార్బ్, ఈస్టిండియా రుబార్బ్ అని మూడు పేర్లతో అమ్ముడయ్యేది. 1727 నాటి కియాఖ్తా ఒడంబడిక తర్వాత రష్యా ఆ సరిహద్దు పట్టణం గుండా సాగిన ఈ వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యంలో పెట్టుకుంది. 1839లో నల్లమందు రవాణాను అడ్డుకోవడానికి వచ్చిన చైనా అధికారి లిన్ త్సెషూ, విక్టోరియా రాణికి రాసిన లేఖలో, మా తేయాకూ రేవల్చిన్నీ లేకపోతే విదేశీయులకు ఒక్కరోజు కూడా గడవదని వాదించాడు. కడుపు కదలకపోతే ఐరోపా వాళ్లు బతకలేరన్నది ఆయన నమ్మకం.

ఇక మీ నోటుపుస్తకం విషయం. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ వేరును విరేచనకారిగా ఇవ్వకూడదని ఐరోపా మందుల సంస్థ మూలికల విభాగం స్పష్టంగా చెబుతుంది. పసివాళ్ల ఒంట్లో నీరు, లవణాలు ఎంత త్వరగా తగ్గిపోతాయో తెలిసినవారెవరూ దీనితో విభేదించరు. నాయనమ్మ పుస్తకాన్ని దాచుకోండి, ఆ చిట్కాను మాత్రం పాటించకండి. దుకాణంలో పేర్ల గందరగోళం కూడా ఒకటుంది. యునానీలో ‘ఉసారే రేవంద్’ అనే పసుపుపచ్చని గట్టి జిగురు ఒకటి ఉంది. పేరును బట్టి అది రేవల్చిన్ని వేరు రసమని అనుకుంటారు. కానీ అది రేవల్చిన్నితో ఏ సంబంధమూ లేని గార్సీనియా జాతి చెట్టు నుంచి కారే పాలు. అతి తీవ్రమైన విరేచనకారి. వేరు అడిగినవారికి ఈ జిగురు చేతిలో పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, మేము చదివే ఒక పుస్తకంలో రుబార్బ్ విరేచనకారి అని, మరో పుస్తకంలో అతిసారాన్ని కట్టే మందు అని ఉంది. ఏది సరైనది? దేనివల్ల ఈ తేడా? – బి.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ సరైనవే, అమ్మా. ఈ వేరు గొప్పతనమంతా ఆ వైరుధ్యంలోనే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందు దీని పసుపు రంగు సంగతి చూద్దాం. మూడు వలయాలు వరుసగా అతుక్కున్న ఆంత్రక్వినోన్ అనే అణువును మూడు గదులు వరుసగా ఉన్న ఇల్లనుకోండి. రేవల్చిన్నిలో అలాంటి ఇళ్లు ముఖ్యంగా ఐదున్నాయి. గదుల కట్టుబడి అన్నింటిదీ ఒకటే, వాకిలి దగ్గర తగిలించిన చిన్న చిన్న రసాయన గుంపులే వేరు. ఒక మూలన మిథైల్ గుంపు ఉంటే క్రైసోఫనాల్, దాని బదులు ఆల్కహాల్ గుంపు ఉంటే ఆలో-ఇమోడిన్, అదే చోట ఆమ్ల గుంపు ఉంటే రైన్. క్రైసోఫనాల్‌కు ఇంకో చివర హైడ్రాక్సిల్ చేరితే ఇమోడిన్, ఆ హైడ్రాక్సిల్‌కు మిథైల్ తొడిగితే ఫిసియాన్. ఇవి రేవల్చిన్ని సొంత సొత్తు కావు. కలబంద ఆకు కోసినప్పుడు తొక్క కింద నుంచి కారే పచ్చని చేదు ద్రవంలో ఆలో-ఇమోడిన్ చక్కెరతో జతకట్టి ఉంటుంది. తామరకు పల్లెల్లో రాసే తగిరిస గింజల్లో క్రైసోఫనాల్, సీమ అవిసె ఆకుల్లో రైన్ ఉంటాయి.

అయితే విరేచనానికి అసలు కారణం ఈ ఐదూ విడిగా ఉన్న రూపం కాదు. వేరులో ఎక్కువ భాగం ఇవి చక్కెర అణువుతో ముడిపడి గ్లైకోసైడ్లుగా ఉంటాయి. వాటిలోనూ రెండేసి ఇళ్లు వీపు వీపు ఆనించుకుని కట్టినట్టుండే సెన్నోసైడ్లు అన్నింటికంటే శక్తిమంతమైనవి. సునాముఖిలో ఉన్నవీ ఇవే. ఐరోపా ఔషధకోశం ఎండిన వేరులో ఈ తరగతి పదార్థాలు, రైన్ లెక్కన, 2.2 శాతానికి తగ్గకూడదంటుంది.

చక్కెర తగిలించుకుని ఉన్నందువల్ల సెన్నోసైడ్లు చిన్నపేగులో రక్తంలోకి ఇంకవు, జీర్ణరసాలు వాటిని విడగొట్టలేవు. కట్టిన మూట విప్పకుండానే పెద్దపేగు దాకా వెళతాయి. అక్కడ కాపురమున్న సూక్ష్మజీవులు చక్కెరను తెంపుకుని తిని, మిగిలినదాన్ని రైన్ ఆంత్రోన్ అనే పదార్థంగా మారుస్తాయి. పేగును కదిలించేదీ, పేగు గోడ నీటిని వెనక్కి పీల్చుకోకుండా ఆపేదీ అదే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పేగు గోడలో నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్-3 అనే ప్రొటీన్ తగ్గిపోవడం కనిపించింది. సూక్ష్మజీవులే లేకుండా ప్రత్యేకంగా పెంచిన ఎలుకలకు సెన్నోసైడ్లు ఇస్తే విరేచనాలు కాలేదు. అంటే ఈ మందును సగం మొక్క తయారుచేస్తే, మిగతా సగాన్ని మన కడుపులోని సూక్ష్మజీవులు పూర్తిచేస్తాయి. రాత్రి పడుకునేముందు వేసుకోమనడంలోని కిటుకు కూడా ఇదే: మూట పెద్దపేగుకు చేరి విడివడి పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది.

ఇక రెండో ముఖం. ఇదే వేరులో టానిన్లు కూడా సమృద్ధిగా ఉన్నాయి: గాలిక్ ఆమ్లంతో కూడిన గ్లూకోజు సమ్మేళనాలు, కాటెకిన్లు, అవి గొలుసుకట్టిన పెద్ద అణువులు. పచ్చి కరక్కాయ కొరికినప్పుడు నాలుక పట్టుకుపోయినట్టు అనిపించే ఆ వగరు టానిన్లదే. ఇవి పేగు లోపలి పొర మీది ప్రొటీన్లను బిగింపజేసి, స్రావాలను తగ్గించి, కడుపు కడతాయి. కొద్ది మోతాదులో వేరు తింటే విరేచనం చేసే పదార్థం చాలనంతగా ఉండి, టానిన్ల పని పైకి కనిపిస్తుంది. మోతాదు పెంచితే సెన్నోసైడ్ల పని ముందుకొస్తుంది. అవి ఖర్చయిపోయిన తర్వాత టానిన్లు మిగిలి, మర్నాడు మలబద్ధకం తిరిగి వస్తుంది. పాత ఇంగ్లీషు వైద్యులు ‘మొదట కదిలించి తర్వాత బిగించేది’ అని దీన్ని అతిసారం మొదటి దశలో వాడింది అందుకే. ఎడింబరో వైద్యుడు జేమ్స్ గ్రెగరీ పేరుమీద చలామణీ అయిన చూర్ణంలో రేవల్చిన్ని, మెగ్నీషియా, శొంఠి ఉండేవి. ఆ శొంఠి పేగు నులిమినట్టు నొప్పి రాకుండా చేర్చినది.

వండే పద్ధతి కూడా ఈ తూకాన్ని మారుస్తుంది. సెన్నోసైడ్లు ఎక్కువసేపు మరిగితే విరిగిపోతాయి, టానిన్లు అంత త్వరగా పోవు. విరేచనం కావాలంటే చైనా వైద్యుడు కషాయం దించబోయేముందు ఈ వేరు ముక్కలు వేయమంటాడు. అక్కర్లేదనుకుంటే బియ్యపు సారాయిలో తడిపి గంటలకొద్దీ ఆవిరి మీద ఉడికించి నల్లగా మారిన వేరును వాడతాడు. ఆంత్రోన్ల రసాయనశాస్త్రం పుట్టకముందే ఈ తేడాను అనుభవంతో కనిపెట్టినవారి నిశిత దృష్టికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. మీ పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మోతాదు, కాలం, వంట – ఈ మూడూ రాయండి. సాధారణంగా విద్యార్థులు మొదటిది రాసి ఊరుకుంటారు.

ప్రశ్న: నేను ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఉంటాను. ఇక్కడ వసంతంలో గులాబీ రంగు రుబార్బ్ కాడలు వస్తాయి. గోంగూర దొరకనప్పుడు వీటితో పచ్చడి చేస్తున్నాను, మావారికి చాలా ఇష్టం. ఆకులు మాత్రం విషమని ఇరుగుపొరుగు అన్నారు. కాడ తినదగినదై, ఆకు విషమెలా అవుతుంది? – ఒక పాఠకురాలు

జవాబు: మీరున్నది సరిగ్గా ఆ పంటకు పేరుపడ్డ చోటేనమ్మా. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ మధ్య ఉన్న ఆ ప్రాంతాన్ని రుబార్బ్ త్రికోణమంటారు; చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోసే యార్క్‌షైర్ రుబార్బ్‌కు 2010లో ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. అది కూరకు పెంచే సంకర జాతి, మందు వేరు ఇచ్చే జాతి కాదు. కాడలో ఔషధ ఆంత్రక్వినోన్లు వేరుతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి, పచ్చడి తిన్నందుకు విరేచనాల భయం అక్కర్లేదు.

కాడ పులుపులో పెద్ద వాటా మాలిక్ ఆమ్లానిది, అంటే పచ్చి ఆపిల్ పులుపు. దానితోపాటు ఆక్జాలిక్ ఆమ్లం ఉంటుంది. చుక్కకూరలోనూ ఈ రెండో ఆమ్లం పుష్కలం. ఎర్రదనం ఆంథోసయనిన్లది, నేరేడుపండు రంగు జాతి. ఆకులో ఆక్జాలిక్ ఆమ్లం బాగా ఎక్కువ, సుమారు అర శాతం దాకా. ఎలుకల మీది లెక్కలను మనిషి బరువుకు మార్చి, ప్రాణం తీయడానికి దాదాపు పాతిక గ్రాముల శుద్ధ ఆమ్లం, అంటే ఐదు కిలోల ఆకు కావాలని కొందరు తేలిగ్గా తీసిపారేస్తుంటారు. ఆ లెక్కను నమ్ముకోవద్దు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో బ్రిటనులో ఆహారం కొరతగా ఉన్నప్పుడు ఈ ఆకులను కూరగా తినమని సలహా ఇచ్చారు. తిన్నవారిలో కొందరు జబ్బుపడ్డారు, మరణాలు కూడా నమోదయ్యాయి. వారు ఐదు కిలోల ఆకు తిని ఉండరు కదా. ఆక్జాలిక్ ఆమ్లం రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుని కరగని స్ఫటికాలుగా మారుతుంది, అవి మూత్రపిండాల సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటాయి. ఆకులోని ఆంత్రక్వినోన్ గ్లైకోసైడ్లకు కూడా ఆ విషంలో పాత్ర ఉండవచ్చని భావించేవారున్నారు. కాడ మొదలయ్యే చోటు వరకు ఆకునంతా కోసి పారేయండి.

పచ్చడి విషయంలో రెండు మాటలు. ఈ ఆమ్లాలు అల్యూమినియాన్ని తినేస్తాయి, కాబట్టి స్టీలు గిన్నెలో మగ్గబెట్టండి. పచ్చడి అన్నంలో పెరుగో, పప్పులో పాలకూర బదులు ఈ కాడ వేసినప్పుడు పక్కన మజ్జిగో ఉంటే, వాటిలోని కాల్షియం ఆక్జాలేటును పేగులోనే కట్టేసి బయటికి పంపుతుంది. రక్తంలోకి చేరేది తగ్గుతుంది. వంద గ్రాముల కాడలో 86 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పట్టికల్లో చూసి మురిసిపోకండి, అందులో ఎక్కువ భాగం ఆక్జాలేటుకు తాకట్టులో ఉన్నదే. మూత్రపిండాల రాళ్లలో అత్యధికం కాల్షియం ఆక్జాలేటు రాళ్లే కాబట్టి, ఒకసారి రాయి వచ్చినవారు రుబార్బ్, పాలకూర, చుక్కకూర మూడింటికీ దూరంగా ఉండటం మంచిది. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఇందులో విటమిన్ కె ఉందని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: మాది ఉద్దానం ప్రాంతం. మా అన్నయ్యకు క్రియాటినిన్ పెరిగింది. చైనాలో కిడ్నీ జబ్బుకు రేవల్చిన్ని వాడతారని ఫోనులో వచ్చిన వీడియోలో చెప్పారు. ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇవ్వవద్దు.

వీడియోలో చెప్పినది పూర్తిగా కల్పన కాదు. మూత్రపిండాలు వదిలించలేని యూరియా వంటి వ్యర్థాలను పేగు ద్వారా కొంత వదిలించవచ్చనే ఆలోచనతో చైనాలో ఈ వేరును చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడి అధ్యయనాలను పోగుచేసి 2012లో కొక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, క్రియాటినిన్ తగ్గుతుందనడానికి ఉన్న ఆధారం కొద్దిపాటిదనీ, నాణ్యత తక్కువదనీ తేల్చింది. ఇటువైపు, నష్టం మాత్రం ఊహ కాదు: విరేచనాలతో నీరు తగ్గితే అసలే బలహీనంగా ఉన్న మూత్రపిండాలు ఒక్కరోజులో మరింత దిగజారవచ్చు, పొటాషియం అటూ ఇటూ అయితే గుండె లయ తప్పుతుంది, పొడిలో ఆక్జాలేటు కూడా ఉంటుంది. కారణమే ఇంకా తేలని జబ్బుతో మీ ప్రాంతం ఇన్నేళ్లుగా బాధపడుతుంటే, ఎవరో ఒకరు మందు ఉందని చెప్పినప్పుడు ఆశ పుట్టడం సహజం; దాన్ని తప్పుపట్టను. అన్నయ్యను నెఫ్రాలజిస్టు దగ్గరే చూపించండి, ఆయన రాసిన మందులు కాక ఇంకే పొడులూ, నొప్పి బిళ్లలూ ఇవ్వకండి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మోకాళ్ల అరుగుదలకు డాక్టరు డయాసెరిన్ బిళ్లలు రాశారు. వేసుకున్నప్పటి నుంచి మూత్రం ముదురు పసుపుగా వస్తోంది, రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనాలు. మందుల షాపు అబ్బాయి ఇది రేవల్చిన్ని నుంచి వచ్చిన మందే అంటున్నాడు. నిజమా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ అబ్బాయిని అభినందించాలి. పైన చెప్పిన ఐదు ఇళ్లలో రైన్ ఒకటి కదా. దానికి రెండు ఎసిటైల్ గుంపులు తగిలిస్తే డయాసెరిన్. అది రక్తంలోకి చేరేలోపే ఆ రెండూ ఊడిపోయి, ఒంట్లో పనిచేసేది మళ్లీ రైనే. కీలు మృదులాస్థిని కొరికివేసే ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేత పదార్థాన్ని అది అడ్డుకుంటుంది. ఫలితం నెమ్మదిగా, వారాల తర్వాతే కనిపిస్తుంది.

మూత్రం రంగుకు భయపడకండి. అది రైన్, దాని విరుపుల రంగు మాత్రమే. విరేచనాలను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంకకుండా మిగిలి పెద్దపేగు చేరిన భాగం తన పుట్టింటి బుద్ధి చూపిస్తుందన్నమాట. ఈ కారణంగానే 2014లో ఐరోపా మందుల సంస్థ కొన్ని ఆంక్షలు పెట్టింది: మొదట్లో రోజుకు 100 మిల్లీగ్రాములకు బదులు 50తో మొదలుపెట్టాలి, విరేచనాలు మొదలైతే ఆపేయాలి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు, 65 ఏళ్లు దాటినవారికి సిఫారసు చేయకూడదు. మన దేశంలో గ్లూకోసమిన్‌తో కలిపి ఒకే బిళ్లగా దొరకడం వల్ల చాలామందికి తాము ఏం మింగుతున్నారో తెలియదు. మీ వయసు, మీ విరేచనాల సంగతి రెండూ వెంటనే మీ డాక్టరుకు చెప్పండి. బీపీకి మూత్రం పోయే బిళ్ల కూడా వాడుతుంటే ఇవాళే చెప్పండి.

ప్రశ్న: బరువు తగ్గడానికి రేవల్చిన్ని, సునాముఖి కలిపిన టీ పొడి ఆన్‌లైనులో కొని రెండు నెలలుగా తాగుతున్నాను. మూలికే కనుక హాని ఉండదని రాశారు. ఇప్పుడు అది తాగకపోతే కడుపు కదలడం లేదు. – ఒక పాఠకురాలు, నిజామాబాదు

జవాబు: తిన్న అన్నంలోని శక్తి చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ మందు పనిచేసేది దాని తర్వాత వచ్చే పెద్దపేగులో. కాబట్టి తక్కెడలో తగ్గినట్టు కనిపించిన బరువు నీటిది. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగితే తిరిగి వచ్చేస్తుంది. పోయినది మాత్రం పొటాషియం. ఆ లోటువల్ల నీరసం, కండరాల పట్టివేత, గుండెదడ వస్తాయి. గుండెకు డిగాక్సిన్ వాడేవారికి అది ప్రాణాపాయం కావచ్చు. ఏ ఆంత్రక్వినోన్ విరేచనకారినీ వారం, రెండు వారాలకు మించి వాడవద్దని చెప్పేది ఇందుకే.

నెలల తరబడి వాడినవారి పెద్దపేగును లోపలి నుంచి చూస్తే గోడంతా ముదురు గోధుమ, నలుపు చారలతో కనిపిస్తుంది. దాన్ని మెలనోసిస్ కోలై అంటారు. చూడటానికి భయంకరంగా ఉన్నా, మందు ఆపిన కొన్ని నెలలకు అది మాసిపోతుంది. ఇది కేన్సరుకు దారితీస్తుందా అని చాలామంది అడుగుతారు. ఇమోడిన్‌ను ఎలుకలకూ చుంచెలుకలకూ రెండేళ్లు తినిపించి అమెరికా జాతీయ విషపరీక్షా కార్యక్రమం 2001లో ఇచ్చిన నివేదికలో, మగ ఎలుకల్లో ఆధారం లేదనీ, ఆడ ఎలుకల్లో, మగ చుంచెలుకల్లో సందిగ్ధమనీ తేల్చింది. అంటే గుండెలు బాదుకోవలసినంతా లేదు, నిశ్చింతగా రోజూ తాగవలసినంతా లేదు.

మీరు ఆ టీని క్రమంగా తగ్గించుకుంటూ ఆపేయండి. ఇసబ్‌గోల్, నీళ్లు, జొన్నరొట్టె, ఆకుకూర, నడక – ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, కారణం తెలియని కడుపునొప్పి ఉన్నవారు ఈ పొడి జోలికే వెళ్లకూడదు. ఒక్కసారి రక్తంలో పొటాషియం పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: రుతుక్రమం ఆగే దశలో వచ్చే ఒళ్లు వేడి ఆవిరులకు జర్మనీలో రుబార్బ్ బిళ్లలు ఇస్తారట. ఇక్కడ దొరికే రేవల్చిన్ని పొడి వాడితే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోదు, రెండూ వేర్వేరు సరుకులు. జర్మనీలో 1993 నుంచి వాడుకలో ఉన్నది సైబీరియా రుబార్బ్‌గా పేరుపడ్డ రీయమ్ రాపాంటికమ్ అనే జాతి వేరు నుంచి ప్రత్యేకంగా తీసిన సారం. అందులో పనిచేసేవి ఆంత్రక్వినోన్లు కావు, రాపాంటిసిన్ వంటి స్టిల్బీన్లు. ద్రాక్షతొక్కలో పేరుపడ్డ రెస్వెరాట్రాల్‌కు ఇవి దగ్గరి బంధువులు, ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను అతుక్కునే గ్రాహకాల్లో బీటా రకాన్ని తాకుతాయి. ఆ సారంలో ఇమోడిన్, ఆలో-ఇమోడిన్ ఉండవు కనుక విరేచనం కాదు. 109 మంది స్త్రీల మీద పన్నెండు వారాలు జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో వేడి ఆవిరులు చెప్పుకోదగినంత తగ్గాయి. రోజు మోతాదు నాలుగు మిల్లీగ్రాములు, ఆవగింజంత. మన దుకాణంలోని పొడి తింటే మీకు దక్కేది విరేచనాలే. రొమ్ము కేన్సరు చరిత్ర ఉన్నవారు జర్మనీ బిళ్లను కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు.

ప్రశ్న: ఇమోడిన్ కేన్సరు కణాలను చంపుతుందని చదివాను. మరి మందుగా ఎందుకు రాలేదు? – ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: గాజు పళ్లెంలో నేరుగా పోసినప్పుడు ఇమోడిన్ చాలా రకాల కణాలను చంపుతుంది, సూక్ష్మజీవులనూ చంపుతుంది. మింగినప్పుడు మాత్రం పేగు గోడ, కాలేయం కలిసి దాని మీద గ్లూకురోనిక్ ఆమ్లం తొడుగు వేసి బయటికి సాగనంపుతాయి. పళ్లెంలో పోసినంత గాఢత రక్తంలో ఎన్నడూ రాదు. దూరం అంతే, కానీ ఆ దూరం దాటలేక ఆగిపోయిన మూలికా అణువులు కోకొల్లలు.

ప్రశ్న: మాకు మూలికల అంగడి ఉంది. రేవల్చిన్ని పొడిలో పసుపు కలుపుతున్నారని అనుమానం. సున్నపు తేట వేసి చూస్తే ఎర్రబడింది. అంటే పసుపు కలిసినట్టేనా? – ఒక వ్యాపారి, తాడేపల్లిగూడెం

జవాబు: కానక్కర్లేదు. పసుపు, సున్నం కలిస్తే పారాణి అయినట్టే, రేవల్చిన్నిలోని ఆంత్రక్వినోన్లు కూడా క్షారం తగిలితే ఎర్రబడతాయి. ఫార్మసీ ప్రయోగశాలలో బోర్న్‌ట్రాగర్ పరీక్ష అనేది ఈ సూత్రం మీదే నడుస్తుంది. కాబట్టి సున్నం మీకు ఏదీ తేల్చి చెప్పదు. పొడిని కొంచెం స్పిరిటులో నానబెట్టి, ఆ పచ్చని ద్రవంలో ముంచిన వడపోత కాగితం మీద, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన బోరిక్ ఆమ్ల ద్రావణం వేసి ఆరనివ్వండి. పసుపు ఉంటే ఆ మరక ఎరుపు-గోధుమ రంగుకు తిరిగి, దాని మీద అమోనియా చుక్క వేస్తే నీలి-ఆకుపచ్చగా మారుతుంది.

ఇంకో మోసం చవకరకం రాపాంటికమ్ వేరును మందు వేరుగా అమ్మడం. దీనికి మీ గల్లాపెట్టె దగ్గర దొంగనోట్లు చూసే అతినీల దీపం చాలు: అదే స్పిరిటు ద్రవాన్ని కాగితం మీద చుక్కపెట్టి ఆరాక ఆ వెలుగులో చూస్తే, రాపాంటిసిన్ ఉన్నది నీలి ఊదా రంగులో మెరుస్తుంది, అసలు మందు వేరు మట్టి గోధుమ రంగులోనే ఉంటుంది. అన్నింటికంటే మంచి పని పొడి కొనకుండా వేరు ముక్కలుగానే తెప్పించుకోవడం. అడ్డంగా కోసిన మంచి చైనా ముక్క మీద చిన్న చిన్న నక్షత్రాల్లాంటి చుక్కలు కనిపిస్తాయి; ఒక పిసరు నోట్లో వేసుకుంటే ఉమ్మి పచ్చబడి, కాల్షియం ఆక్జాలేటు స్ఫటికాలు పళ్ల కింద ఇసుకలా కరకరలాడతాయి. రుచి చూశాక ఉమ్మేయండి.